కౌంటీ క్రికెటర్ వృత్తి జీవితం: డారెన్ స్టీవెన్స్‌ను ముందుంచుకొని తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్ గురించి తెలుగు పాఠకులకు తెలిసింది ఎక్కువగా మన ఆటగాళ్లు అక్కడికి వెళ్లి వచ్చిన వార్తల ద్వారానే. ఏటా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అదే పనిగా బతికే ఆటగాడి జీవితం ఎలా ఉంటుందన్నది ఆ వార్తల్లో కనిపించదు. ఇంగ్లండ్ జాతీయ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే పాతికేళ్లు కౌంటీల్లో కొనసాగిన డారెన్ స్టీవెన్స్‌ను ఆధారం చేసుకొని, అవసరమైన చోట పాత తరం వారిని కూడా ప్రస్తావిస్తూ ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

కౌంటీ క్రికెటర్ అని ఎవరిని అంటారు?

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఫస్ట్‌క్లాస్ హోదా (మూడు, అంతకంటే ఎక్కువ రోజుల మ్యాచ్‌లు ఆడే పై స్థాయి) కలిగిన 18 కౌంటీ జట్లలో ఏదో ఒకదానితో ఒప్పందం కుదుర్చుకొని, ఆ జీతంతో జీవించే ఆటగాడిని కౌంటీ క్రికెటర్ అంటారు. కౌంటీ చాంపియన్‌షిప్ అధికారికంగా 1890లో మొదలైంది. గ్లామోర్గన్ 1921లో, డర్హమ్ 1992లో చేరాయి. 2000 నుంచి ఈ పోటీ రెండు డివిజన్లుగా సాగుతోంది. మన రంజీ ట్రోఫీతో దీన్ని పోల్చడం సహజమే గానీ, ఒక ముఖ్యమైన తేడాను గుర్తుంచుకోవాలి. రంజీ ఆటగాళ్లలో చాలామందికి రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం ఉండేది, ఆట దానికి తోడుగా సాగేది. కౌంటీ ఆటగాడికి మాత్రం క్లబ్బే యజమాని, ఆటే ఉద్యోగం. అందుకే అక్కడి వృత్తి జీవితంలో పరుగులు, వికెట్లతో సమానంగా కాంట్రాక్టు గడువు గురించి కూడా మాట్లాడుకుంటారు.

ఎందరో గొప్ప ఆటగాళ్లుండగా స్టీవెన్స్‌నే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నారు?

టెస్టుల్లో వెలిగిన వారి కథ చెబితే అందులో కౌంటీ ఒక మెట్టుగా మాత్రమే కనిపిస్తుంది. స్టీవెన్స్ కథలో మొదలు, నడిమి, చివర అన్నీ కౌంటీయే. 1976 ఏప్రిల్ 30న లెస్టర్‌లో పుట్టిన అతడు 1997లో సొంత కౌంటీ లెస్టర్‌షైర్ తరఫున తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడాడు. 2005 సీజన్‌కు కెంట్‌కు మారి, 2022 చివరి వరకు అక్కడే ఉన్నాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 16,000కు పైగా పరుగులు చేసి, దాదాపు 600 వికెట్లు తీశాడు. ఈ రెండు అంకెలూ ఒకే ఆటగాడి పేరు పక్కన కనిపించడం ఈ కాలంలో చాలా అరుదు. అంతకంటే విశేషం, ఆ వికెట్లలో అత్యధిక భాగం సాధారణంగా బౌలర్లు ఆటకు వీడ్కోలు చెప్పే వయసులో వచ్చాయి.

కౌంటీ జట్టులోకి ప్రవేశం ఎలా దొరుకుతుంది?

పాఠశాల, స్థానిక క్లబ్, కౌంటీ వయోవర్గ జట్లు, ఆ తర్వాత అకాడమీ, రెండో జట్టు అనేది మామూలు దారి. రెండో జట్ల మధ్య 1959 నుంచి ప్రత్యేకంగా ఒక చాంపియన్‌షిప్ జరుగుతోంది. అక్కడ ప్రేక్షకులు పదుల సంఖ్యలోనే ఉన్నా, గాయం నుంచి కోలుకుంటున్న టెస్టు బౌలరు ఒక పక్క, చదువు ఇంకా పూర్తికాని కుర్రాడు మరో పక్క ఒకే మైదానంలో ఆడే సందర్భాలు ఎదురవుతాయి. కుర్రాడి సత్తా తేల్చేది ఎక్కువగా ఆ మ్యాచ్‌లే. అకాడమీ నుంచి వచ్చిన వారందరికీ ఒప్పందం దొరకదు, దొరికినవారిలోనూ చాలామంది రెండు మూడేళ్లకే బయటికి వెళ్లిపోతారు.

ఏడాది మొత్తంలో పని ఎలా సాగుతుంది?

చాంపియన్‌షిప్‌లో ఒక్కో జట్టు 14 మ్యాచ్‌లు ఆడుతుంది, ఒక్కో మ్యాచ్ నాలుగు రోజులు. 1993కు ముందు మూడు రోజుల మ్యాచ్‌లు కూడా ఉండేవి. ఈ మ్యాచ్‌లలో ఎక్కువ భాగం ఏప్రిల్, మే నెలల్లోనూ, మళ్లీ ఆగస్టు చివర, సెప్టెంబరులోనూ వస్తాయి. నడివేసవిని టీ20 పోటీలు, 50 ఓవర్ల కప్పు, 2021లో మొదలైన హండ్రెడ్ (జట్టుకు వంద బంతుల పోటీ) పంచుకుంటాయి. ప్రొఫెషనల్ టీ20 పోటీ ప్రపంచంలో మొట్టమొదట జరిగింది 2003 జూన్‌లో ఈ కౌంటీల మధ్యే. ఇప్పుడు అదే పొట్టి ఆట, ఎర్రబంతితో ఆడే నాలుగు రోజుల క్రికెట్‌ను వేసవి నుంచి చలిరోజుల్లోకి నెట్టేసిందన్న ఫిర్యాదులో న్యాయం ఉందనే చెప్పాలి.

పూర్వపు శ్రమ వేరు. 1928 సీజన్‌లో కెంట్ లెగ్‌స్పిన్నర్ టిచ్ ఫ్రీమన్ 304 వికెట్లు తీశాడు. ఒకే సీజన్‌లో 300 దాటిన బౌలర్ ఇప్పటికీ అతడొక్కడే. ఇంకొకరికి అది సాధ్యం కాదని ధైర్యంగా చెప్పవచ్చు, ఎందుకంటే అన్ని బంతులు వేసే అవకాశమే ఇప్పటి పట్టికలో లేదు.

జీతం ఎలా ఉంటుంది? చలికాలంలో ఏం చేస్తారు?

ఆటగాళ్ల సంఘానికీ బోర్డుకూ మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం కనీస వేతనం ఉంటుంది. దానిపైన ఎంత వస్తుందన్నది ఆటగాడి స్థాయి, టీ20లో అతనికున్న గిరాకీ మీద ఆధారపడుతుంది. ఇంగ్లండ్ కేంద్ర ఒప్పందం ఉన్నవారికీ, కేవలం నాలుగు రోజుల మ్యాచ్‌లు ఆడేవారికీ ఆదాయంలో ఉన్న అంతరం ఇటీవలి కాలంలో బాగా పెరిగింది.

పాత రోజుల్లో చాలామందికి ఆరు నెలల జీతమే ఉండేది. సెప్టెంబరు దాటితే ఎవరి దారి వారిదే. కొందరు ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో పనిచేసేవారు, కొందరు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా క్లబ్బులకు వెళ్లి ఆటతో పాటు శిక్షణ కూడా ఇచ్చేవారు. ఈ పరిస్థితిని మార్చడంలో సోమర్‌సెట్ ఫాస్ట్‌బౌలర్ ఫ్రెడ్ రమ్సీ చొరవతో 1967లో ఏర్పడిన ప్రొఫెషనల్ క్రికెటర్స్ అసోసియేషన్ పాత్ర పెద్దది. ఇప్పుడు పన్నెండు నెలల ఒప్పందమే సాధారణం.

ఆ సంఘం ఏర్పడడానికి కొద్ది ఏళ్ల ముందు వరకు జీతం తీసుకునే వారికీ, తీసుకోని ‘అమెచ్యూర్ల’కూ మధ్య అధికారికంగానే తేడా ఉండేది. స్కోరు కార్డులో పేరు రాసే తీరు దగ్గర నుంచి డ్రెస్సింగ్ రూమ్ వరకు ఆ భేదం కనిపించేది. 1962 చివర్లో దాన్ని రద్దు చేశారు.

‘క్యాప్’ ఇవ్వడం అంటే ఏమిటి?

కౌంటీ తన జట్టులో స్థిరపడిన ఆటగాడికి గుర్తింపుగా ఇచ్చే టోపీ ఇది. సంప్రదాయం ప్రకారం తొలి మ్యాచ్‌కే దక్కదు, ఆటతో సంపాదించుకోవాలి. దానితో పాటు జీతం కూడా పెరిగేది. కొన్ని కౌంటీలు ఈ పద్ధతిని మార్చుకున్నాయి. ఉదాహరణకు గ్లోస్టర్‌షైర్ ఇప్పుడు తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌తోనే టోపీ ఇస్తుంది.

బెనిఫిట్ ఏడాది గురించి వింటుంటాం. అది పన్ను లేని ఆదాయమా?

ఎక్కువ కాలం సేవ చేసిన ఆటగాడి కోసం ఒక ఏడాది పాటు విందులు, ప్రదర్శన మ్యాచ్‌లు, విరాళాల సేకరణ జరిపి వచ్చిన మొత్తాన్ని అతనికి అందించే ఆచారమే బెనిఫిట్. క్యాప్ వచ్చాక సుమారు పదేళ్లకు ఇది దక్కేది. పింఛను లేని రోజుల్లో ఆటగాడి ముదిమికి ఇదే ఆసరా.

దీని చట్టబద్ధత తేలింది కూడా ఒక కెంట్ ఆటగాడి వల్లే. జేమ్స్ సేమర్ అనే బ్యాటర్‌కు 1920లో కాంటర్‌బరీలో జరిగిన బెనిఫిట్ మ్యాచ్ ద్వారా సుమారు 939 పౌండ్లు వచ్చాయి. అది ఉద్యోగం ద్వారా వచ్చిన ఆదాయమే కాబట్టి పన్ను కట్టాలని ఆదాయపు పన్ను అధికారులు పట్టుబట్టారు. వ్యాజ్యం హౌస్ ఆఫ్ లార్డ్స్ వరకు వెళ్లింది. అభిమానులు ఇష్టపూర్వకంగా ఇచ్చిన కానుకను జీతంగా పరిగణించరాదని 1927లో తీర్పు వెలువడింది. ఆ తీర్పు నీడలో తొంభై ఏళ్ల పాటు కౌంటీ ఆటగాళ్లు బెనిఫిట్లు అందుకున్నారు. 2017 ఏప్రిల్ నుంచి నిబంధనలు మారాయి. ఇప్పుడు అర్హమైన సందర్భాల్లో లక్ష పౌండ్ల వరకే మినహాయింపు ఉంది, అదీ ఆటగాడి జీవితంలో ఒక్కసారే.

ఈ ఆచారం మీద భిన్నాభిప్రాయాలున్నాయి. టెస్టుల్లో బాగా సంపాదించిన తారలకు పెద్ద మొత్తాలు, పేరు లేని విధేయుడికి చిన్న మొత్తాలు రావడం ఎప్పుడూ ఉన్నదే. అవసరం ఉన్నవాడికి తక్కువ, లేనివాడికి ఎక్కువ ఇచ్చే పద్ధతిని న్యాయమైనదని అనలేం.

బ్యాటర్‌గా చేరిన స్టీవెన్స్ బౌలర్‌గా ఎలా మారాడు?

లెస్టర్‌షైర్‌లో ఉన్న రోజుల్లో అతడు అవసరమైతే నాలుగు ఓవర్లు వేసే బ్యాటర్ మాత్రమే. కెంట్‌కు వచ్చాక కూడా మొదట్లో పేరు బ్యాటుతోనే వచ్చింది. 2007 ట్వంటీ20 కప్ ఫైనల్లో గ్లోస్టర్‌షైర్‌పై విజయం సాధించిన పరుగులు అతని బ్యాటు నుంచే వచ్చాయి. ఆ తర్వాత క్రమంగా బంతి అతని చేతికి ఎక్కువగా రావడం మొదలైంది.

అతని బౌలింగ్‌లో వేగం లేదు. చాలామంది బౌలర్లు గంటకు 130 కిలోమీటర్లు దాటితే తప్ప సెలెక్టర్లు తమను చూడరని బెంగపడుతుంటే, స్టీవెన్స్ అంతకంటే ఎంతో నెమ్మదిగా వేసి నెగ్గాడు. వికెట్లకు దగ్గరగా వచ్చి, బంతి మీది కుట్టు (సీమ్) నిటారుగా ఉండేలా వదిలి, బ్యాటర్ ముందుకు రావాలో వెనక్కి వెళ్లాలో తేల్చుకోలేని చోట బంతిని మళ్లీ మళ్లీ పడేయడమే అతని విద్య. ఒక బంతి లోపలికి వస్తుంది, అదే చేతి కదలికతో వేసిన మరో బంతి బయటికి పోతుంది. ఏది ఎటు పోతుందో కొన్నిసార్లు తనకే తెలియనట్టు కనిపించేది. ఎల్బీడబ్ల్యూలు, బౌల్డ్‌లు పుష్కలంగా రావడానికి కారణం ఈ క్రమశిక్షణే. వేగం మీద ఆధారపడని బౌలింగ్ కాబట్టి వయసు దాన్ని తగ్గించలేకపోయింది. ఫాస్ట్‌బౌలర్ల వృత్తిని మధ్యలో ముగించే వెన్నెముక గాయాల బెడద కూడా ఈ తరహా బౌలర్లకు తక్కువ.

పచ్చిక పిచ్‌లు, డ్యూక్స్ బంతి వల్లే అతనికి వికెట్లు వచ్చాయనే విమర్శలో నిజమెంత?

కొంత నిజమే. ఏప్రిల్‌లో తడి ఆరని పిచ్ మీద, ఎత్తైన చేతికుట్టు సీమ్ ఉన్న డ్యూక్స్ బంతితో మధ్యమ వేగపు బౌలర్లు చెలరేగడం, ఆ అలవాటుతో ఇంగ్లండ్‌కు ఆస్ట్రేలియాలో, భారత్‌లో పనికొచ్చే బౌలర్లు తయారుకాకపోవడం చాలాకాలంగా చర్చలో ఉన్న అంశాలు. ఆ కారణంతోనే 2023లో చాంపియన్‌షిప్‌లోని కొన్ని రౌండ్లకు, సీమ్ అంత ఎత్తుగా ఉండని కూకబుర్రా బంతిని ప్రవేశపెట్టారు.

అయినా ఈ విమర్శ స్టీవెన్స్‌ను పూర్తిగా వివరించలేదు. అవే పిచ్‌లు, అదే బంతి, అదే వేగం ఉన్నవారు ప్రతి కౌంటీలోనూ ఉన్నారు, వారందరికీ అన్ని వికెట్లు రాలేదు. పైగా తన కౌంటీ గెలవడానికి ఏ పరిస్థితులున్నాయో వాటిని వాడుకోవడమే కౌంటీ ఆటగాడి పని. బ్రిస్బేన్‌లో ఏం జరుగుతుందన్న చింత సెలెక్టర్లది.

కాంట్రాక్టు ముగిసిందని చెప్పాక కూడా జట్టులో నిలిచిన సందర్భం ఉందా?

2019లో జరిగింది అదే. 43 ఏళ్ల స్టీవెన్స్‌ను మరుసటి ఏడాదికి కొనసాగించబోమని కెంట్ ప్రకటించింది. ఆ వేసవిలో టీ20 పోటీ కోసం అతడు డెర్బీషైర్‌కు అరువు ఆటగాడిగా కూడా వెళ్లాడు. సెప్టెంబరులో లీడ్స్‌లోని హెడింగ్లీ మైదానంలో యార్క్‌షైర్‌తో మ్యాచ్ జరిగింది. కెంట్ 39 పరుగులకే 5 వికెట్లు కోల్పోయిన దశలో స్టీవెన్స్, శామ్ బిల్లింగ్స్ కలిశారు. ఇద్దరూ కలిసి 346 పరుగులు జోడించారు. అందులో స్టీవెన్స్ 225 బంతుల్లో 237 పరుగులు చేశాడు. అంతటితో ఆగక చివరి ఇన్నింగ్స్‌లో 20 పరుగులకే 5 వికెట్లు తీశాడు. కెంట్ 433 పరుగుల తేడాతో నెగ్గింది, కొద్ది రోజుల్లోనే కొత్త ఒప్పందం వచ్చింది.

ఈ ఘట్టాన్ని అద్భుతగాథగా చెప్పుకోవడం సులువు. కానీ దీనిలో వృత్తి కఠినత్వం కూడా దాగి ఉంది. రెండు దశాబ్దాలు ఆడిన మనిషి భవిష్యత్తు ఒక మ్యాచ్‌తో మారిపోయిందంటే, ఆ మ్యాచ్‌లో తొలి బంతికే అవుటై ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. ప్రతి సెప్టెంబరులో అలా తొలి బంతికే అవుటై బ్యాగు సర్దుకొనే వారి పేర్లు మనదాకా రావు.

2020లో కోవిడ్ వల్ల కుదించిన సీజన్‌లోనూ రాణించడంతో, క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ 2021 సంచికలో ఏడాదికి ఐదుగురికి మాత్రమే దక్కే గౌరవం 44 ఏళ్ల వయసులో స్టీవెన్స్‌కు దక్కింది. 1933 తర్వాత ఆ గౌరవం పొందినవారిలో అతడే అందరికంటే పెద్దవాడు.

గ్లామోర్గన్‌పై ఆడిన ఇన్నింగ్స్ గురించి ఎందుకు అంతగా చెబుతారు?

2021 మేలో కాంటర్‌బరీలో జరిగిన మ్యాచ్ అది. కెంట్ 128 పరుగులకు 8 వికెట్లు కోల్పోయింది. ఫాస్ట్‌బౌలర్ మిగెల్ కమిన్స్ తోడుగా స్టీవెన్స్ తొమ్మిదో వికెట్‌కు 166 పరుగులు జోడించాడు. ఆ భాగస్వామ్యంలో కమిన్స్ చేసింది ఒకే ఒక్క పరుగు. స్టీవెన్స్ 149 బంతుల్లో 15 సిక్సర్లతో 190 పరుగులు చేశాడు. అదే మ్యాచ్‌లో తనకంటే 18 ఏళ్లు చిన్నవాడైన ఆస్ట్రేలియా బ్యాటర్ మార్నస్ లబుషేన్‌ను ఎల్బీడబ్ల్యూగా పంపించాడు కూడా. కమిన్స్ కాచుకున్న బంతుల విలువను కూడా ఇక్కడ లెక్కించాలి, అవతలి వైపు వికెట్ పడితే ఈ కథే లేదు.

ఇంగ్లండ్‌కు ఆడలేకపోతే ఆ వృత్తి విఫలమైనట్టేనా?

ఈ ప్రశ్న అన్నింటికంటే ఎక్కువగా వస్తుంది, దీని వెనుక ఉన్న ఊహ మాత్రం సరికాదు. గ్లామోర్గన్ బౌలర్ డాన్ షెపర్డ్ ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 2,218 వికెట్లు తీశాడు. ఒక్క టెస్టు కూడా ఆడని బౌలర్లలో ఇదే అత్యధికం. అదే కౌంటీకి చెందిన అలన్ జోన్స్ 36,049 పరుగులు చేశాడు. టెస్టు ఆడని బ్యాటర్లలో అత్యధికం అదే. 1970లో ప్రపంచ జట్టుతో జోన్స్ ఒక మ్యాచ్ ఆడినా, తర్వాత ఆ సిరీస్‌కు టెస్టు హోదా తీసేశారు. యాభై ఏళ్ల తర్వాత, 2020లో, ఇంగ్లండ్ బోర్డు అతనికి 696 సంఖ్యతో టోపీ అందజేసి ఆ లోటును కొంత పూడ్చింది.

దీనికి మరో వైపు గ్రేమ్ హిక్, మార్క్ రాంప్రకాశ్ ఉన్నారు. వూస్టర్‌షైర్ తరఫున 1988లో టాంటన్‌లో అజేయంగా 405 పరుగులు చేసిన హిక్ మొత్తం 136 ఫస్ట్‌క్లాస్ సెంచరీలు కొట్టాడు. రాంప్రకాశ్ సెంచరీలు 114. అయినా టెస్టుల్లో వీరిద్దరూ అంచనాలను అందుకోలేకపోయారని, ఆ కారణంగా వారి కౌంటీ పరుగులకు విలువ తక్కువని రాసేవారు ఉన్నారు. అంటే ఇంగ్లండ్‌కు ఆడకపోతే ఎందుకు ఆడలేదని, ఆడితే అక్కడెందుకు రాణించలేదని నింద. వారం వారం వేర్వేరు పిచ్‌ల మీద, వేర్వేరు బౌలర్ల ముందు ఇరవై ఏళ్లు ఒకే ప్రమాణాన్ని నిలబెట్టడం దానికదే ఒక నైపుణ్యం. దాన్ని టెస్టు సగటుతో కొలవనక్కర్లేదు.

టైటిళ్ల విషయంలో కూడా ఇలాంటి ఓపికే అవసరం. సోమర్‌సెట్, గ్లోస్టర్‌షైర్, నార్తాంప్టన్‌షైర్ ఇప్పటి వరకు చాంపియన్‌షిప్ గెలవలేదు. కెంట్ చివరిసారి గెలిచింది 1978లో, అంటే స్టీవెన్స్‌కు రెండేళ్ల వయసులో.

విదేశీ ఆటగాళ్లు ఎలా వస్తారు? ‘కోల్పాక్’ అంటే ఏమిటి?

ఒక్కో జట్టు చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో ఇద్దరు విదేశీయులను ఆడించవచ్చు. కోల్పాక్ అనేది ఈ పరిమితిని దాటే దారిగా కొన్నేళ్లు నడిచింది. మారోష్ కోల్పాక్ అనే స్లొవేకియా హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్ జర్మనీలో తన హక్కుల కోసం వేసిన కేసులో 2003లో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఆధారంగా, యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందం ఉన్న దేశాల ఆటగాళ్లు విదేశీ కోటాలో పడకుండా ఆడే వీలు కలిగింది. దక్షిణాఫ్రికా నుంచి చాలామంది ఇలా వచ్చారు, బదులుగా తమ దేశానికి ఆడే అవకాశాన్ని పక్కన పెట్టారు. ఎసెక్స్ 2017, 2019లలో చాంపియన్‌గా నిలవడంలో కీలకమైన స్పిన్నర్ సైమన్ హార్మర్ ఈ దారిన వచ్చినవాడే. బ్రెగ్జిట్‌తో 2020 చివర ఈ దారి మూసుకుపోయింది.

హైదరాబాద్, ఆంధ్ర నుంచి కౌంటీల్లో ఆడినవారు ఎవరు?

ముందుగా చెప్పుకోవలసింది ఆసిఫ్ ఇక్బాల్ గురించి. 1943లో హైదరాబాద్‌లో పుట్టిన ఆయన భారత ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్‌కు మేనల్లుడు. హైదరాబాద్ తరఫున రంజీ ఆడి, 1961లో కుటుంబంతో పాకిస్తాన్‌కు వెళ్లారు. 1968 నుంచి 1982 వరకు కెంట్‌కు ఆడారు. 1977లో కెంట్, మిడిల్‌సెక్స్ చాంపియన్‌షిప్‌ను పంచుకున్నప్పుడు కెంట్ కెప్టెన్ ఆయనే. మన నగరంలో ఆట నేర్చుకొని కౌంటీ ఆటగాడిగా పూర్తి జీవితం గడిపింది బహుశా ఆయన ఒక్కరే.

అబ్బాస్ అలీ బేగ్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడి, ఆ తర్వాత సోమర్‌సెట్‌కు ఆడారు. మిగతావారు ఒకటి రెండు సీజన్లకో, కొన్ని మ్యాచ్‌లకో విదేశీ ఆటగాళ్లుగా వెళ్లారు. అజహరుద్దీన్ 1991, 1994లలో డెర్బీషైర్‌కు, వి.వి.ఎస్. లక్ష్మణ్ 2007, 2009లలో లాంకషైర్‌కు ఆడారు. ఆంధ్ర జట్టుకు కెప్టెన్‌గా చేసిన హనుమ విహారి 2021లో, మహ్మద్ సిరాజ్ 2022లో వార్విక్‌షైర్‌కు ఆడారు. సిరాజ్ తొలి మ్యాచ్‌లోనే సోమర్‌సెట్‌పై ఐదు వికెట్లు తీశాడు. 2025లో తిలక్ వర్మ హాంప్‌షైర్ తరఫున ఆడిన తొలి మ్యాచ్‌లో సెంచరీ చేశాడు.

మహిళలకు కూడా ఇది వృత్తిగా ఉందా?

ఇప్పుడు ఉంది. ఇంగ్లండ్ దేశవాళీ మహిళల క్రికెట్‌లో ప్రాంతీయ జట్ల ద్వారా ప్రొఫెషనల్ ఒప్పందాలు 2020లో మొదలయ్యాయి. 2025లో ఆ బాధ్యతను నేరుగా కౌంటీలకు అప్పగించి, పై శ్రేణిలో ఎనిమిది జట్లను నిర్ణయించారు.

ఎంత వయసు వరకు ఆడవచ్చు? స్టీవెన్స్ ఎప్పుడు ఆపాడు?

నియమమేమీ లేదు. యార్క్‌షైర్ ఎడమచేతి స్పిన్నర్ విల్‌ఫ్రెడ్ రోడ్స్ 1898 నుంచి 1930 వరకు ఆడి, 4,204 వికెట్లతో ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అగ్రస్థానంలో ఉన్నాడు. చివరి టెస్టు ఆడేటప్పటికి వయసు 52. ఈ కాలపు ఫీల్డింగ్, శారీరక పరీక్షల మధ్య మాత్రం నలభై దాటడమే గొప్ప.

2022 సీజన్‌తో స్టీవెన్స్‌ను పంపించాలని కెంట్ నిర్ణయించింది, ఈసారి నిర్ణయం మారలేదు. ఆ ఏడాది 50 ఓవర్ల కప్పు సెమీఫైనల్లో హాంప్‌షైర్‌పై 46 ఏళ్ల వయసులో అజేయంగా 84 పరుగులు చేసి జట్టును గెలిపించాడు. సెప్టెంబరు 17న ట్రెంట్‌బ్రిడ్జ్‌లో జరిగిన ఫైనల్లో కెంట్ లాంకషైర్‌ను 21 పరుగుల తేడాతో ఓడించింది.

ఆట ముగిశాక ఏ ఉపాధి ఉంటుంది?

శిక్షకులుగా, వ్యాఖ్యాతలుగా, పాఠశాలల్లో క్రికెట్ అధ్యాపకులుగా స్థిరపడేవారు ఎక్కువ. ఇంగ్లండ్ ఫస్ట్‌క్లాస్ అంపైర్లలో అత్యధికులు మాజీ కౌంటీ ఆటగాళ్లే కావడం అక్కడి ప్రత్యేకత. ఆటతో సంబంధం లేని ఉద్యోగాలకు మళ్లేవారి కోసం ఆటగాళ్ల సంఘం ఆడుతున్న రోజుల నుంచే చదువులకు, వృత్తి శిక్షణకు సలహాదారులను ఏర్పాటు చేస్తుంది. అనారోగ్యం, మానసిక ఒత్తిడి, ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న మాజీ ఆటగాళ్లకు, వారి కుటుంబాలకు అదే సంఘం నెలకొల్పిన ట్రస్టు సాయం చేస్తుంది. ఇరవై రెండేళ్లకే ఒప్పందం పోగొట్టుకున్న కుర్రాడికి కూడా ఈ సాయం వర్తిస్తుంది. సంఖ్యాపరంగా చూస్తే దాని అవసరం ఎక్కువగా పడేది నలభై ఆరేళ్లకు ఆట ఆపినవారికి కాదు, ఈ కుర్రాళ్లకే.